సంక్రాంతి దాటని డైరీలు

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే డైరీలు వాటంతటవే ఇంటికి వచ్చి పడతాయి. ఎల్‌ఐసీ ఏజెంటు ఒకటి ఇస్తాడు, బ్యాంకులో తెలిసినాయన ఒకటి, ఎరువుల కొట్టువాడు క్యాలెండరుతో కలిపి ఇంకొకటి. జనవరి ఒకటో తారీకున ఇంటాయన శ్రద్ధగా కూర్చుని మొదటి పేజీ నింపుతాడు. పేరు, చిరునామా, బ్లడ్ గ్రూపు, పాలసీ నెంబరు. ఆ తర్వాత పేజీ నిండా కొత్త సంవత్సరం సంకల్పాలు. భోగినాటికి అవి నాలుగు లైన్లవుతాయి, కనుమనాటికి ఒకటి. ఫిబ్రవరి అంతా తెల్లకాగితమే. మార్చి నుంచి ఆ డైరీలోనే పాలవాడి లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, పిల్లల చిత్తు లెక్కలు మొదలవుతాయి.

పాపం, అందరూ బద్ధకాన్ని ఆడిపోసుకుంటారు గానీ అసలు దోషం దానిది కాదు. డైరీ తెరవగానే చాలామంది రచయితలైపోతారు. మనసులో అలజడి, జీవితంలో శూన్యం, కిటికీ బయట వెన్నెల! రోజూ అలజడి ఎక్కణ్ణించి తెస్తారు? మూడోనాటికి సరుకు నిండుకుంటుంది. కందిపప్పు ధర రాసుకునేవాడికి ఆ కరువు ఎన్నడూ రాదు.

పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు దూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై 1736 సెప్టెంబరులో మొదలుపెట్టి, 1761 జనవరిలో కన్నుమూసేదాకా తమిళంలో దినచర్య రాశాడు. దాదాపు పాతికేళ్ల మాట. ఏ ఓడ ఎప్పుడొచ్చింది, ఎవరు ఎవరికి ఎంత ముట్టజెప్పారు, గవర్నరు ఏమన్నాడు, గవర్నరు భార్య ఎక్కడెక్కడ వేలుపెట్టింది, అన్నీ అందులో ఉంటాయి. తెలుగువాళ్లకు ఈయన కొత్తవాడేం కాదు. కస్తూరి రంగకవి లక్షణ గ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఈయన పేరు మీద వెలసిందే. కృతిభర్తగా ఆయన ఎంత గొప్పవాడో తెలుసుకోవాలంటే ఆ ఛందస్సు చూడాలి. ఆ గొప్పవాడు కొలువులో ఎన్ని అవస్థలు పడ్డాడో తెలియాలంటే మాత్రం డైరీయే గతి.

మన ఏనుగుల వీరాస్వామయ్యదీ అదే తోవ. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఈయన 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీ ప్రయాణం, ఎండలు, వానలు, వెంట బోలెడంత జనం. ఇంత బాధ్యత నెత్తిన ఉన్నా, ఏ మజిలీలో నీళ్లు మంచివో, ఏ ఊళ్లో అంగళ్లున్నాయో, దారి ఎలా ఉందో పూసగుచ్చినట్టు రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపుతూ వచ్చాడు. వీరాస్వామయ్య పోయాక ఆ స్నేహితుడే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. పగలంతా ప్రయాణం చేసి అలిసిపోయిన మనిషిని రాయడానికి కూర్చోబెట్టింది, ఎదురుచూసే స్నేహితుడు ఒకడు ఉన్నాడన్న ధీమాయే అయ్యుండాలి.

చదివేవాళ్లు ఉండటం ఒక్కోసారి పెద్ద చిక్కు కూడా. 1862లో పెళ్లికి ముందు టాల్‌స్టాయ్ తన పాత డైరీలన్నీ పద్దెనిమిదేళ్ల సోఫియా చేతిలో పెట్టాడు, దాపరికం ఉండకూడదని. ఆ చదివిన మాటలు ఆమెను బతికినంతకాలం సలిపాయి. 1910లో, ఎనభై దాటిన ముసలితనంలో, ఆయన తనకోసం మాత్రమే అంటూ రహస్యంగా ఇంకో డైరీ పెట్టుకున్నాడు. అదీ ఆమె కంటపడకుండా ఉండలేదు. లండన్‌లో శామ్యూల్ పెపీస్ ఇంతకంటే గడుసువాడు. 1660 జనవరి ఒకటిన మొదలెట్టిన డైరీని షార్ట్‌హ్యాండ్‌లో రాశాడు, భార్యకు తెలియకూడని ముచ్చట్లకు ఫ్రెంచి, స్పానిష్ ముక్కలు కలిపాడు. 1666లో లండన్ తగలబడుతుంటే తన జున్నుగడ్డను తోటలో పాతిపెట్టిన సంగతి కూడా వదల్లేదు. కళ్లు పోతాయన్న భయంతో 1669 మే 31న కలం కిందపెట్టేశాడు. కళ్లు పోలేదు. ఆ తర్వాత మరో ముప్పై నాలుగేళ్లు బతికాడు, అలాంటి డైరీ మాత్రం మళ్లీ రాయలేదు.

వాడుక భాష కోసం అంత పోరాడిన గురజాడ డైరీలు చాలావరకు ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. పండితులకు ఆ సంగతి అప్పుడే తెలిసుంటే ఊరుకునేవారా!

రాసే అలవాటున్నవాళ్లను వేధించే చిక్కు ఇంకోటుంది. ఏ రోజు గురించి రాయాలో ఆ రోజే తీరిక ఉండదు. కూతురి పెళ్లినాటి పేజీ ఖాళీ. ఏమీ జరగని మంగళవారం మాత్రం పేజీన్నర. వారం బాకీ పడితే ఒకేసారి తీరుద్దామని కూర్చుంటారు. గురువారం ఏ కూర తిన్నారో ఎంత తలగోక్కున్నా గుర్తురాదు, ఇంటావిడను అడిగితే కసురుకుంటుంది. అక్కడితో అలవాటే పోతుంది. ఒకరోజు తప్పితే వదిలేసి, ఇవాళ్టి తారీకు వేసి ముందుకుపోయేవాడే నిలబడతాడు.

గోదావరి డెల్టా రైతు ఎరువుల కొట్టు డైరీలో రాసుకునే తీరు చూడాలి. కాలవకు నీళ్లు వదిలారు. నారు పోశాం. యూరియా రెండు బస్తాలు. నాన్నకు ఆయాసం, డాక్టరు వచ్చి వెళ్లాడు. సాయంత్రం జల్లు. అంతే. యూరియా పక్కనే నాన్న ఆయాసం ఉంది. విశేషణం ఒక్కటి లేదు. ఇరవై ఏళ్ల తర్వాత కొడుకు ఆ పేజీ తిప్పితే, ఆ డాక్టరు ఎవరు, ఆ రాత్రి ఎలా గడిచింది అని అడగడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారో లేదో.

పిళ్లై డైరీ కూడా ఆయన పోయాక ఎనభై ఐదేళ్లపాటు ఇంట్లో మూలనపడి ఉంది. 1846లో ఒక ఫ్రెంచి ఉద్యోగి దాన్ని గుర్తించేనాటికే కొన్ని భాగాలు కనిపించకుండా పోయాయి. కాబట్టి మీ అటక మీద తాతగారి డైరీలుంటే, పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేముందు ఒక్కసారి దించి, దుమ్ము దులిపి, జనవరి పదిహేను తర్వాత పేజీలు కూడా తిప్పి చూడండి.