మామ చేతిలో రైలు

మొన్న ఉగాదికి మన సంఘం హాల్లో పెట్టిన బొమ్మరైలు ఎలా నడుస్తుందని చాలామంది అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొరప్పూరు నుంచి మన ధర్మపురికి 1906లో రెండున్నర అడుగుల గేజి రైలు వచ్చింది. 1941లో, యుద్ధకాలంలో, ఆగిపోయింది. ఆ దారినే మేం బల్లమీద వేశాం. ఇంజన్లు మాత్రం ఆ కాలంవి కావు, దొరికినవి కొన్నాం.

ఇంజను లోపల డీకోడర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఏ నంబరు ఇంజను కదలాలో ఆ కరెంటులోనే కబురు పోతుంది. కొత్త ఇంజన్లన్నీ 3వ నంబరుతోనే వస్తాయి. మూడింటినీ పట్టాలమీదే ఉంచి ఒకదాని నంబరు మార్చబోతే మూడింటికీ అదే పడింది! నంబరు వేసేటప్పుడు ఒక్క ఇంజనే ఉండాలట.

రైల్వేలో డ్రైవరుగా రిటైరైన మా మామకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఆయన కోసమే జేఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేర్‌తో రైలు తానే ఆగి, తానే కదిలేలా చేశాం. రెండు చుట్లు చూసి, "మరి నాకేం పనిరా?" అన్నారు.

ఆ రాత్రే అదంతా తీసేశాం. డీకోడరులో సివి 3 వేగం అందుకునే తీరు, సివి 4 ఆగే తీరు. రెండూ 20కి పెంచాం. సున్నా నుంచి పూర్తి వేగానికి సుమారు 18 సెకన్లు. నాబ్ మీద చెయ్యి వణికినా రైలు కుదపదు. కాకపోతే చాలా ముందే ఆపడం మొదలుపెట్టాలి. మేం ప్రతిసారీ స్టేషను దాటించేశాం.

మామ తొలిసారే ప్లాట్‌ఫారం పక్కన ఆపి, "నీళ్లు పట్టుకునేవాళ్లు పట్టుకోండి" అన్నారు.