క్లబ్బు ముందు, దేశం తరవాత: ఆస్ట్రేలియా రగ్బీ లీగ్, 2023

ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ సీజన్ మార్చిలో మొదలై నవంబరులో ముగుస్తుంది. ఇందులో ఏడు నెలలు క్లబ్బులవి, నడుమ మూడు రాత్రులు రాష్ట్రాలవి, చివర మిగిలే మూడు నాలుగు వారాలు దేశానివి. అభిమానుల మనసులోనూ దాదాపు ఇదే వరస. 2023 సీజన్ చూస్తే ఆ సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

ఈ ఆటలో జట్టుకు పదమూడు మంది, ఆట 80 నిమిషాలు. బంతి పట్టిన జట్టుకు ఆరు టాకిళ్ళ దాకా, అంటే బంతి ఉన్నవాణ్ణి ఆరుసార్లు పట్టి ఆపేదాకా అవకాశం. అప్పటికీ పాయింటు రాకపోతే బంతి అవతలివాళ్ళది. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆపైన కిక్ గోలుకర్రల మధ్య నుంచి వెళితే ఇంకో 2. కబడ్డీ ఎరిగినవాళ్ళకు పట్టు విలువ వేరే చెప్పనక్కర్లేదు. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ వేరే ఆట. రెంటినీ ఒకటిగా మాట్లాడితే సిడ్నీలో ఊరుకోరు.

క్లబ్బుల పోటీ పేరు ఎన్‌ఆర్‌ఎల్. 2023లో బ్రిస్బేన్ శివారు రెడ్‌క్లిఫ్‌కు చెందిన డాల్ఫిన్స్ చేరడంతో క్లబ్బులు 17 అయ్యాయి. వేన్ బెన్నెట్ శిక్షణలో ఈ కొత్త జట్టు తొలి ఆటలోనే సిడ్నీ రూస్టర్స్‌ను 28–18తో ఓడించింది, చివరికి 13వ స్థానంలో నిలిచింది. సిడ్నీలో క్లబ్బు అంటే పేట. నగరానికి పడమటి వైపున్న పరమట్టా, వెస్ట్‌మీడ్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పెద్దలు క్రికెట్ వదలకపోయినా, అక్కడి బడుల్లో చదివే పిల్లలకు మాత్రం ఈల్స్ (పరమట్టా), పాంథర్స్ (పెన్‌రిత్) పేర్లు బాగా తెలుసు.

ఆ ఏడాది కథ పెన్‌రిత్ పాంథర్స్‌దే. అసలు సీజన్‌కు ముందు, ఫిబ్రవరిలో, ప్రపంచ క్లబ్ పోటీలో ఇంగ్లండ్ జట్టు సెయింట్ హెలెన్స్ చేతిలో సొంత మైదానంలోనే 13–12తో ఓడింది. అక్టోబరు 1న గ్రాండ్ ఫైనల్‌లోనూ ఆశ వదులుకోవాల్సిన స్థితికే వచ్చింది. బ్రిస్బేన్ బ్రాంకోస్ ఆటగాడు ఎజ్రా మామ్ కొద్ది నిమిషాల్లో మూడు ట్రైలు సాధించడంతో స్కోరు 24–8 అయింది. అక్కణ్ణుంచి పెన్‌రిత్ మూడు ట్రైలతో లేచింది. చివరి ట్రై, దాని వెనక కిక్ రెండూ నేథన్ క్లియరీవే. 26–24. వరసగా మూడో టైటిల్. అంతకుముందు ఆ ఘనత 1981–83లో పరమట్టాకు దక్కింది. ఒక్క ఆటగాడు ఫైనల్‌ను ఇంతగా తన చేతుల్లోకి తీసుకోవడం అరుదు. అదే రోజు మహిళల ఫైనల్‌లో న్యూకాజిల్ 24–18తో గోల్డ్‌కోస్ట్‌ను ఓడించింది.

నడుమ వచ్చిన మూడు రాత్రులు స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌వి: క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ పోరు. ఏ క్లబ్బుకు ఆడినా, ఆటగాడు తాను ఆడుతూ పెరిగిన రాష్ట్రానికే దిగాలి. అందుకే ఏడాదంతా భుజం కలిపినవాళ్ళు ఆ రాత్రి ఒకరినొకరు పడగొట్టుకుంటారు. 2023లో క్వీన్స్‌లాండ్ అడిలైడ్‌లో 26–18, బ్రిస్బేన్‌లో 32–6తో గెలిచి సిరీస్ చేజిక్కించుకుంది. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ 24–10తో పరువు నిలుపుకుంది.

దేశం వంతు అక్టోబరులో వచ్చింది. అలసిన ఆటగాళ్ళతో, కొత్తగా మొదలైన పసిఫిక్ కప్‌లో ఆస్ట్రేలియా సమోవాను 38–12తోనూ, మెల్‌బోర్న్‌లో న్యూజిలాండ్‌ను 36–18తోనూ ఓడించింది. వారం తిరిగేసరికి, నవంబరు 4న హామిల్టన్‌లో జరిగిన ఫైనల్‌లో న్యూజిలాండ్ 30–0తో గెలిచింది. ఆస్ట్రేలియా టెస్టు చరిత్రలో అంత తేడాతో ఓటమి మరొకటి లేదు. అలసట ఒక్కటే సాకు కాదు, ఎందుకంటే గెలిచినవాళ్ళూ ఎక్కువగా అదే ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బుల్లో ఏడాదంతా ఆడినవాళ్ళే. అప్పటి పెన్‌రిత్ ఆటగాడు జేమ్స్ ఫిషర్-హ్యారిస్ ఆ న్యూజిలాండ్ జట్టులోనే ఉన్నాడు. పొరుగు దేశాలకు ఆటగాళ్ళను తయారుచేసి ఇస్తున్నది ఆస్ట్రేలియా లీగే. అదే పోటీలో రెండో అంచెలో పాపువా న్యూ గినీ ఫిజీని ఓడించి పసిఫిక్ బౌల్ గెలిచింది.

మరుసటి ఏడాది పసిఫిక్ కప్ ఫైనల్ పరమట్టాలో జరిగింది. ఆస్ట్రేలియా 20–14తో టోంగాను ఓడించి ఆ కప్పు అందుకుంది.