చోళమండలం: బొమ్మలు గీసేవాళ్ళు కట్టుకున్న ఊరు

చెన్నైలో తిరువాన్మియూరు దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వైపు వెళుతుంటే ఇంజంబాక్కం వస్తుంది. అక్కడ రోడ్డుకు ఎడమ పక్కన, సముద్రం వైపున, చోళమండలం చిత్రకారుల గ్రామం ఉంది. 1966లో మద్రాసుకు చెందిన కొందరు చిత్రకారులు, శిల్పులు ఇక్కడ సుమారు పది ఎకరాల ఇసుక నేల కొని కాపురాలు పెట్టారు. ఆ నేల సర్కారు ఇచ్చిన పట్టా కాదు, ఏ ధనవంతుడి దానమూ కాదు. వాళ్ళు చేతులతో చేసి అమ్మిన వస్తువుల డబ్బుతోనే కొన్నది. మన దేశంలో కళాకారుల సంఘాలు ఎన్నో పుట్టాయి. ప్రదర్శనలు పెట్టాయి, ప్రకటనలు చేశాయి, కొన్నేళ్ళకు చెదిరిపోయాయి. ఇది మాత్రం నిలిచింది. కళ గురించి ఆలోచించడానికి ముందు ఇంటి గురించి ఆలోచించడం వల్లనే నిలిచింది. ఊరంతా తిరిగి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

గేటు దాటగానే కనిపించేవి ఇళ్ళు కావు. ఆరుబయట శిల్పాలు, వాటి వెనుక ప్రదర్శనశాలలు. రాతి శిల్పాలు, లోహ శిల్పాలు చెట్ల మధ్య నిలబడి ఉంటాయి. వాటి చుట్టూ నడవవచ్చు, దగ్గరకు వెళ్ళి ఉలి దెబ్బను, అతుకును చూడవచ్చు. ఎదురుగా ఉన్న భవనంలో మద్రాసు కళా ఉద్యమానికి చెందిన మ్యూజియం ఉంది. 2009లో తెరిచారు. తొందరపడకుండా చూడవలసిన చోటు. 1950లు, 60లలో మద్రాసులో పనిచేసిన తరం ఏం వెతుక్కుందో ఇక్కడ ఒకే కప్పు కింద కనిపిస్తుంది. పాశ్చాత్య నూనె రంగుల పద్ధతి నేర్చుకుని, అక్కడితో ఆగకుండా, గుడి శిల్పంలోని గీతను, జాతకచక్రాల గడులను, పల్లె దేవతల రూపాలను తమ బొమ్మల్లోకి తెచ్చుకున్న తరం అది. వారిలో తూర్పు గోదావరి నుంచి మద్రాసు వెళ్ళిన ఎం.రెడ్డెప్పనాయుడు ఉన్నారు. దేవతా రూపాలను ఆయన గీసిన తీరులో గీత బరువూ వేగమూ రెండూ ఉంటాయి. తెలుగునాట ఆయనకు రావలసినంత పేరు రాలేదు.

ఈ ఊరి వెనుక ఉన్న మనిషి కె.సి.ఎస్.పణికర్. 1911లో కోయంబత్తూరులో పుట్టారు. తండ్రి పోవడంతో చదువు ఆపి, ఇంటి భారం మోయడానికి టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగంలో చేరారు. 1936లో, పాతికేళ్ళ వయసులో, మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో విద్యార్థి అయ్యారు. అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌదురి. మన తెలుగు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారికీ గురువు ఆయనే. పణికర్ తరువాత అక్కడే అధ్యాపకుడై, 1957లో ప్రిన్సిపాల్ పదవికి వచ్చారు. 1944లో ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ స్థాపించారు. సంసారం కోసం కళను వాయిదా వేసుకోవడం అంటే ఏమిటో ఆయన స్వయంగా అనుభవించారు. చోళమండలం ఆలోచనకు మూలం అక్కడే ఉందనడం తప్పు కాదు.

ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్న ఆయనకు ప్రతి ఏడూ ఒకే దృశ్యం కనబడేది. తెలివైన విద్యార్థులు డిప్లొమా పుచ్చుకుని బయటికి వెళ్ళేవారు. కొన్నేళ్ళకు వాళ్ళ బొమ్మలు ఆగిపోయేవి. ఆనాటి మద్రాసులో చిత్రాలు కొనేవారు తక్కువ, గ్యాలరీలు దాదాపు లేవు. బొమ్మ చేతిలో ఉన్నవాడికి నెల జీతం దొరికే చోట్లు వేరే ఉండేవి. చేనేత సేవాకేంద్రంలో డిజైన్లు గీయవచ్చు, రెడ్డెప్పనాయుడు అక్కడ పనిచేశారు. పత్రికల్లో చేరవచ్చు. అదే కళాశాలలో చదివిన శంకర్ చందమామలో చేరి, విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి ఎక్కించి మన ఇళ్ళన్నిటికీ పరిచయం చేశారు. సినిమా స్టూడియోల కళా విభాగాలు ఉన్నాయి. ‘మాయాబజార్’ సెట్లు వేసిన గోఖలే, కళాధర్‌ల వంటివారు ఆ రంగంలో గొప్ప పని చేశారు. ఇవేవీ చిన్న పనులు కావు. కానీ సొంతంగా ఒక బొమ్మ వెంటపడి పదేళ్ళు నడవాలనుకున్నవాడికి ఆ ఉద్యోగాల్లో వేళ మిగలదు. విదేశాలకు వెళ్ళడం మరో దారి. పణికర్ శిష్యుడు, గుడివాడకు చెందిన ఎస్.వి.రామారావు 1962లో లండన్ వెళ్ళారు. అందరికీ ఆ అవకాశం రాదు.

పణికర్ బృందం కనిపెట్టిన ఉపాయం సాదాది. రోజులో కొంత భాగం చేతిపని చేయాలి. దాన్ని అమ్మి ఇల్లు గడుపుకోవాలి. మిగిలిన వేళ ఎవరి బొమ్మ వాళ్ళది, దాన్ని కొనేవాడి మెప్పు కోసం వంచనక్కరలేదు. అందుకోసం ఆర్టిస్ట్స్ హ్యాండీక్రాఫ్ట్స్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. బాటిక్ గుడ్డలు, తోలు వస్తువులు, మట్టి పాత్రలు, లోహపు పని తయారుచేసి ప్రదర్శించి అమ్మారు. అన్నిటిలోకి బాటిక్ బాగా అమ్ముడుపోయింది.

ఎందుకు అమ్ముడుపోయిందో తెలియాలంటే ఆ పని జరిగే తీరు తెలియాలి. తేనెమైనాన్ని పారాఫిన్ మైనంతో కలిపి కరిగిస్తారు. కుంచెతో గాని, సన్నటి ముక్కున్న పనిముట్టుతో గాని ఆ వేడి మైనాన్ని గుడ్డ మీద గీస్తారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. రంగు నీళ్ళు చల్లగా ఉండాలి, లేకుంటే మైనం కరిగిపోతుంది. ఒక రంగులో ముంచి ఆరబెట్టి, మళ్ళీ మైనం వేసి, ముదురు రంగులో ముంచుతారు. లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్ళడమే గాని వెనక్కి రావడం ఉండదు. పారాఫిన్ పెళుసు కనుక గుడ్డ నలిగినప్పుడు పగులుతుంది, ఆ పగుళ్ళలోకి రంగు దిగి సన్నటి నరాల్లాంటి గీతలు పడతాయి. చివరికి వేడినీళ్ళలో ఉడికించి మైనాన్ని వదిలిస్తారు. ఇందులో గీత తడబడితే దిద్దుకోవడానికి వీలుండదు. కళాశాలలో ఏళ్ళ తరబడి గీత సాధన చేసినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు, కొత్త పరికరం మాత్రమే. అందుకే వాళ్ళ గుడ్డలు బజారు సరుకులా కాక బొమ్మల్లా ఉండేవి. ఈ కోరమాండల్ తీరానికి మైనం పని కొత్తా కాదు. ఐరోపాకు ఎగుమతి అయిన పాత కలంకారీ గుడ్డల మీద నీలిమందు అద్దేటప్పుడు, నీలం అక్కర్లేని చోట మైనం పూసేవారు.

ఆ రాబడితోనే ఇంజంబాక్కంలో స్థలం కొన్నారు. అప్పటికి అది సరుగుడు చెట్లూ ఇసుకా తప్ప మరేమీ లేని జాలరి తీరం. నగరం చాలా దూరంగా ఉండేది. ఇప్పటి వెడల్పాటి రోడ్డు 1990ల చివర వచ్చింది. అలాంటి చోటికి భార్యాపిల్లలను తీసుకుని వెళ్ళడమంటే బడి, వైద్యం, వెచ్చాలు అన్నీ కొత్తగా అమర్చుకోవడమే. ఈ ఊరి గురించి రాసేటప్పుడు ఉద్యమం, శైలి, సిద్ధాంతం అంటూ పేజీలు నింపుతారు. ఆ తొలి ఏళ్ళలో ఇల్లు నడిపినవాళ్ళ కష్టం మీద రెండు వాక్యాలు కూడా రాయరు. అది సరికాదు. బొమ్మకు మిగిలిన ప్రతి గంటనూ ఆ ఇంట్లో ఇంకెవరో కూడబెట్టి ఇచ్చారు.

ప్రదర్శనశాలలు దాటి లోపలికి వెళితే సందులు, చెట్లు, ఇళ్ళు. ఇళ్ళన్నీ ఒక నమూనాలో లేవు. ఎవరి స్థలంలో వాళ్ళు, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంచెం కొంచెంగా కట్టుకున్నవి. ఇల్లూ పనిశాలా పక్కపక్కనే ఉండడం ఇక్కడి ముఖ్య లక్షణం. చిత్రకారుడికి నీడలు మారని వెలుగు కావాలి, శిల్పికి చప్పుడూ పొగా ఇంట్లోకి రాకుండా బయట చోటు కావాలి. సముద్రపు గాలితో మరో పేచీ ఉంటుంది. ఉప్పు తేమకు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, రాగి పచ్చబడుతుంది, కాగితానికీ కాన్వాసుకూ బూజు పడుతుంది. తీరంలో కాపురం పెట్టిన కళాకారుడు బొమ్మ గీయడంతో పాటు దాన్ని కాపాడుకోవడమూ నేర్చుకోవాలి.

ఇక్కడికి వచ్చినవాళ్ళు అందరూ ఒక ప్రాంతం వాళ్ళు కారు, ఒక భాషవాళ్ళూ కారు. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు ఒకే సంఘంలో ఉన్నారు. బొంబాయిలో పుట్టిన జె.సుల్తాన్ అలీ 1950ల తొలి ఏళ్ళలో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో చిత్రకళ చెప్పారు. తరువాత ఢిల్లీ లలిత కళా అకాడమీలో పనిచేసి, చివరికి చోళమండలంలో స్థిరపడ్డారు. బస్తరు ఆదివాసుల రూపాలు, వాటి చుట్టూ అల్లుకున్న రాతలు ఆయన చిత్రాల్లో కనిపిస్తాయి. మైసూరులో పుట్టిన ఎస్.జి.వాసుదేవ్, ఆయన భార్య అర్నవాజ్ ఇద్దరూ చిత్రకారులే. ఒకే ఇంట్లో ఇద్దరు గీసేవాళ్ళుంటే వేళను ఎలా పంచుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు. వాసుదేవ్ 1970లో వచ్చిన ‘సంస్కార’ కన్నడ చిత్రానికి కళాదర్శకత్వం కూడా వహించారు. 1988లో అర్నవాజ్ మరణించారు, ఆ తరువాత వాసుదేవ్ బెంగళూరుకు కాపురం మార్చారు.

కె.రామానుజం గురించి వేరుగా చెప్పాలి. మానసిక వ్యాధితో బాధపడిన మనిషి. నలుగురిలో మాట్లాడడం ఆయనకు కష్టం. కాగితం మీద సిరాతో మాత్రం మహళ్ళు, పాములు, రెక్కల జీవాలు, ఊరేగింపులు కిక్కిరిసిన ఒక లోకాన్ని కట్టారు. ఆ లోకంలో టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు పదేపదే కనబడతాడు. పణికర్ ఆయన్ను చేరదీశారు, ఊరు చోటిచ్చింది. అయినా 1973లో, ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే, ఆయన తన ప్రాణం తీసుకున్నారు. ఇల్లు దొరికితే అన్నీ కుదురుతాయని ఎవరూ అనలేరు. కానీ ఇవాళ మనం ఆయన బొమ్మల ముందు నిలబడగలుగుతున్నామంటే, పని చేసుకోవడానికి ఆయనకు ఒక నీడ దొరకడం కూడా కారణమే.

ఊరు ఎవరినీ కట్టిపడేయలేదు. అక్కితం నారాయణన్, వి.విశ్వనాథన్ 1960ల చివరలోనే పారిస్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. కె.వి.హరిదాసన్ తిరువనంతపురంలో అధ్యాపకులయ్యారు. ఉన్నవాళ్ళు ఊరిని పెంచారు. ఆరుబయలు రంగస్థలం కట్టుకుని నాటకాలకు, నాట్యానికి, కవితా పఠనాలకు చోటిచ్చారు. పణికర్ తన చివరి దశలోని ‘పదాలు, ప్రతీకలు’ చిత్రమాలికను ఈ ఊరికంటే ముందే, 1963 ప్రాంతంలో, మొదలుపెట్టారు. లెక్కలు, జాతక చక్రాలు, చదవడానికి వీలుకాని రాతలతో నిండిన ఆ చిత్రాలను ఇక్కడికి వచ్చాక కూడా కొనసాగించి, 1977లో మరణించారు.

స్థాపకుడు పోతే ఇలాంటి సంస్థలు మూతపడడం మామూలు. ఇక్కడ అలా జరగలేదు. అందుకు ఒక కారణం ఇళ్ళు ఎవరివి వాళ్ళవి కావడం. ఇంకొకటి, తరువాతి తరం. పణికర్ కుమారుడు ఎస్.నందగోపాల్‌కు ఊరు వెలిసేనాటికి ఇరవై ఏళ్ళు. లయోలా కళాశాలలో భౌతికశాస్త్రం చదివి శిల్పి అయ్యారు. రాగి, ఇత్తడి రేకులను అతికి, ఎదుటి నుంచే చూడవలసిన శిల్పాలు చేశారు. గుడిలో మూలవిరాట్టుకు తొడిగే లోహపు కవచం గుర్తుకు రాక మానదు. 2017లో మరణించే వరకు ఊరి బాధ్యత మోశారు. 2009లో తెరిచిన మ్యూజియం వెనుక ఆయన శ్రమ చాలా ఉంది.

ఇప్పుడు చుట్టూ పరిస్థితి మారింది. రోడ్డు వచ్చాక ఈ తీరమంతా విలాస గృహాలు, రిసార్టులు, హోటళ్ళు వెలిశాయి. ఆనాడు బాటిక్ గుడ్డలు అమ్మి కొన్న నేల ఖరీదు ఈనాడు ఏ చిత్రకారుడికీ అందదు. ఇవాళ డిప్లొమా పుచ్చుకున్న యువతీయువకులు ఈ దారినే మళ్ళీ నడవాలంటే నగరానికి ఎంతో దూరం పోవాలి. తొలితరంలో మిగిలినవారు కొద్దిమంది. పిల్లలు అందరూ బొమ్మలు గీసేవాళ్ళు కారు, కావాలని కోరడమూ న్యాయం కాదు. అందువల్ల ఊరు బయటివారికి తలుపు తీసింది. అతిథి కళాకారులు వచ్చి కొంతకాలం ఉండి పనిచేసుకునే వీలు కల్పించింది, ప్రదర్శనశాలలను అద్దెకిస్తుంది. మొదట్లో ఇల్లు గడవడానికి చేతిపని పోషించిన పాత్రను ఇప్పుడు చాలావరకు ఈ శాలలే పోషిస్తున్నాయి.

చూడడానికి వెళ్ళేవారు మ్యూజియానికి టికెట్టు కొనుక్కోవాలి, శిల్పాల తోట చూడడానికి వెలుగున్న వేళ మంచిది. ఇళ్ళ సందుల్లోకి వెళితే అది మ్యూజియం కాదు, కాపురాలున్న చోటు. పనిశాల చూడాలనుకుంటే ముందుగా అడిగి, పిలిస్తేనే వెళ్ళాలి. చాలామంది పలకరిస్తే మాట్లాడతారు. పనిలో ఉంటే మాట్లాడరు.