ఆడికృత్తిక నాటి హాజరు

ఏం అక్కా, మీ చిన్నబిడ్డ కార్వేటినగరం డైట్‌లో టీచరు ట్రైనింగుకి చేరిందంటనే! మంచిదే. 2022లో మన పుత్తూరు తిరుపతి జిల్లాకొచ్చేసింది, కార్వేటినగరం చిత్తూరులోనే ఉండిపాయ. దగ్గరే గదా, పొయ్యొస్తాదిలే.

పాఠమెట్ట చెప్పాలో ఆడ నేర్పిస్తారు. నా బెంగ ఇంకోటి. మన బళ్ళో ఒక వరసలోనే తెలుగు పిలకాయ, ఇంట్లో అరవం మాట్లాడే మగ్గాలోళ్ళ పిలకాయ, ఉర్దూ మాట్లాడే పిల్ల. మురుగన్ పండగ ఆడికృత్తికొస్తే కొందరు కావిళ్ళెత్తుకోని తిరుత్తణి పోతారా? అయ్యోరేమో మదనపల్లి పక్కాయన. ఆడ కన్నడం గాలి, ఈడ అరవం గాలి. మర్నాడు అట్ట పోయొచ్చిన పిలకాయని నిలబెట్టి, "యాడికి పోయినావ్?" అంటాడు. వాడు నోరు తెరవడు. ఆయనకి ఆ సందడి తెలీదు, వీడికి తెలుగులో చెప్పే ధైర్యం లేదు. ఇంగ్లీషు మీడియం ఇంకోటి పైన!

తిరుత్తణి మనదే గదా అంటావా? ఒకప్పుడు చిత్తూరు జిల్లాదే. 1960లో మద్రాసుకిచ్చి, సత్యవేడు పక్క మనం తీసుకున్నాం. ఊర్లు మారినా వియ్యాలు మారలా. ఆ పక్క తెలుగు పిలకాయలకీ ఇదే కత, తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయిపాయ.

చిన్న తరగతులు ఇంటి భాషలో చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 1956లోనే 350ఏ చేర్చినారు. మన రాష్ట్రమే 2004లో సవరలకీ కోయలకీ వాళ్ళ భాషల్లో చదువు మొదలుపెట్టింది. నగరి పక్క తమిళ బళ్ళు ఉండనే ఉండాయి. తెలుగు బళ్ళో కూర్చున్న అరవ పిలకాయే ఎవరి లెక్కలోకీ రాడు.

నన్నడిగితే, ప్రాక్టీసుకి పంపేటప్పుడు డైట్ బిడ్డల్ని ఒక వారం తమిళ బడికి, ఒక వారం ఉర్దూ బడికి పంపాల. తెలీని భాషలో పొద్దుగూకులూ కూర్చుంటే ఆ పిలకాయ ఎందుకు నోరు తెరవడో వాళ్ళకే తెలుస్తాది. మళ్ళా ఇండ్లకి పోయి, ఎవరికి ఏ పొద్దు పండగో, రంజాన్ నెలలో ఎవరు రోజా ఉంటారో రాసుకోవాల. రోజా ఉన్న పిల్లని మధ్యాన్నం అన్నం వరసలో నిలబెడితే ఏం బాగుంటాది?

ఊరికే సర్టిఫికెట్ ఇచ్చే మూడ్రోజుల ట్రైనింగ్ మీద నాకు నమ్మకం లేదక్కా. టీలు, ఫొటోలు, అంతే.

మీ బిడ్డని ఆదివారం ఇట్ట పంపు. మా మేడ మీద అద్దెకుండేది నగరి వాళ్ళే, వాళ్ళబ్బోడు భలే వాగతాడు అరవం. ఫీజా? మురుకులు పెడితే చాలు.