మూసీ వెంట వ్యాన్లో రెండు రోజులు

పాతబస్తీలో కాపురం ఉండేవాళ్ళకి మూసీ అనగానే ఏం గుర్తొస్తుంది చెప్పండి? కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడమే కదా! లాల్‌దర్వాజాకి కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఈ నదిని దాటడమే గాని, నిలబడి చూసింది లేదు. అందుకే పోయిన దసరా సెలవుల్లో మావారితో, "ఈసారి మూసీ పుట్టినచోటు చూపించండి" అన్నాను.

విదేశాల్లో మంచాలూ, వంటగదీ అమర్చిన వ్యాన్లో ఇంటిల్లిపాదీ తిరుగుతారట. కొండ వస్తే సైకిలు తొక్కడం, చెరువు వస్తే ఈదడం. మన దగ్గరా అలాంటివి అద్దెకిస్తున్నారు గాని మా లెక్కకి అందలేదు. తెలిసిన డ్రైవరు దగ్గర టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, వెనక రెండు వరసల సీట్లు తీయించి పరుపులు వేశాం. పైన క్యారియర్ మీద రెండు గేర్ల సైకిళ్ళు కట్టాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తమ్మ, ఆడపడుచు కొడుకు - ఇదీ మా దండు.

తెల్లవారుజామున బయల్దేరి ముందు పురానాపూల్ దగ్గర ఆగాం. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన ఇది, చార్మినార్ కన్నా పెద్దది. కింద నల్లటి నీళ్ళు. "నా చిన్నప్పుడు ఇక్కడే బతుకమ్మని వదిలేవాళ్ళం" అంది అత్తమ్మ. పిల్లలు నమ్మలేదు.

లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర మూసీలో ఈసీ కలుస్తుంది. 1948లో గాంధీగారి అస్థికలు కలిపింది ఇక్కడే. అక్కడినుంచి గండిపేట. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో నగరం సగం కొట్టుకుపోయినంత పనైంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో మూసీ మీద గండిపేట, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. ఇవి తాగే నీళ్ళు కాబట్టి దిగకూడదు. గట్టు మీదనుంచే చూసి కదిలాం.

మొయినాబాద్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు ఈ చెట్ల కోసం జనం న్యాయపోరాటం చేశారు. ఆ నీడన వ్యాన్ ఆపి జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం తిన్నాం. ఆ రుచి ఇంట్లో రాదండీ!

అనంతగిరి మాకు సుమారు 80 కిలోమీటర్లు. పైన అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, ఎర్రమట్టి దారులు. పిల్లలు సైకిళ్ళు దింపారు. మా అమ్మాయి మొదట బెదిరింది. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు, దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కడం వాళ్ళ బావ చూపించాడు. అరగంటకల్లా బావనే వెనకేసింది. గుడి దగ్గర అత్తమ్మ సన్నగా జారుతున్న నీళ్ళని దోసిట పట్టి, "ఇదేనే మన మూసీ" అని కళ్ళకద్దుకుంది. ఇక్కడినుంచి 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నడుమ మురికి చేసింది మనమేగా! పిల్లలెవరూ మాట్లాడలేదు.

అడవిలో రాత్రి ఆగడం మంచిది కాదు. ఒక విడిది ఆవరణలో డబ్బు కట్టి వ్యాన్ నిలిపాం. అత్తమ్మకి గది, మాకు పరుపులు.

కొండకి ఇటు పడిన వాన మూసీ అయితే, అటు పడింది కాగ్నా వైపు పోతుంది. మర్నాడు అటువైపున్న కోట్‌పల్లి చెరువుకి వెళ్ళాం. మగపిల్లలు చొక్కాలు విప్పేశారు. అక్కడ చేపలు పట్టే పెద్దాయన ఆపాడు. కట్టకోసం మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవట, ఒక అడుగు మోకాలి లోతైతే, మరో అడుగు నిలువు లోతట. తూము దగ్గర నీళ్ళు లోపలికి లాగుతాయట. ఈత వచ్చు కదా అని నేనూ దిగలేదు. ఒడ్డున కాళ్ళు తడుపుకుని వచ్చేశాం.

మరి ఈత? తిరుగుదారిలో చేవెళ్ళ దగ్గర మా చిన్నమ్మ వాళ్ళ మెట్లబావి ఉంది. చిన్నప్పుడు వీపుకి ఎండు సొరకాయ కట్టుకుని నేను ఈత నేర్చింది అందులోనే. చిన్నాన్న తాడు పట్టుకుని గట్టున నిలబడ్డాడు. అమ్మాయి నడుముకి ఖాళీ డబ్బా కట్టి దింపి, చుడీదార్‌తో నేనూ దూకాను. నలభై నాలుగేళ్ళ వయసులో! "అమ్మా, నీకు ఈత వచ్చా?" అన్న పిల్ల మొహం చూడాల్సింది.

మీరూ వెళితే ఇవి గుర్తుంచుకోండి:

* వానలు తగ్గాక, అక్టోబరు - డిసెంబరు మధ్య వెళ్ళండి.
* చిన్న సిలిండరు, స్టవ్వు వాడేటప్పుడు కిందికి దింపి వెలిగించండి. వ్యాన్లో వంట వద్దు.
* పులిహోర, సకినాలు, రొట్టెలు తీసుకెళ్ళండి. అనంతగిరిలో కోతులెక్కువ, మూతలు గట్టిగా పెట్టండి.
* చెత్తకి ఒక సంచీ ఉంచి, మళ్ళీ ఇంటికే తీసుకురండి. కొండమీద పారేసింది నీళ్ళలోకే పోతుంది.
* ఆడపిల్లకి ముందు ఈత నేర్పించండి, ఆ తర్వాతే చెరువు చూపించండి.