దిల్ కా దౌరా

మా గల్లీలో కుర్రాళ్లు గుండె ఆగి చనిపోతారు. దిల్ కా దౌరా. పాతికేళ్లు కూడా నిండని గుండె ఎందుకాగిందని ఎవరూ అడగరు.

మా ఖాలా చిన్నకొడుకు అట్లాగే పోయాడు. మయ్యత్‌కు గుసుల్ ఇచ్చేటప్పుడు రేగాకు వేసి కాచిన నీళ్లు నేనే అందించాను. పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. మోచేతి మడతలో సూది గుర్తులు వరసగా కనిపించాయి. గుసుల్ ఇస్తున్న పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. ఏమీ అనలేదు. మయ్యత్ మీద కనిపించిన ఐబు బయట చెప్పకూడదని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. మంచి అదబే అది. కానీ ఆ రోజు ఐబుతో పాటు చావు కారణాన్ని కూడా కఫన్‌లో చుట్టేశాం.

బయట ఖాలా వచ్చిన వాళ్లందరికీ ఒకే మాట చెబుతోంది: "దిల్ కా దౌరా పడా." నేను విలేకరిని. ఎవరెవరి చావులకో కారణాలు రాసినవాణ్ణి. ఆ రోజు తలూపి ఊరుకున్నాను.

ఎందుకు దాచాం? పరువు కోసమంటే సగమే నిజం. పోలీసులొస్తారు. మిగిలిన కొడుకుల పేర్లు కూడా రాసుకుంటారు. తెల్లారి పేపర్లో 'పాతబస్తీ' అని హెడ్డింగ్ పడుతుంది. ఆ హెడ్డింగులు పెట్టే టేబుల్ దగ్గర నేనూ కూచున్నాను. పెద్దింటి పిల్లవాడైతే దారితప్పిన బిడ్డ. మావాడైతే ముఠా సభ్యుడు. బతికినంతకాలం అనుమానం మోసిన పేరును చచ్చాకయినా కాపాడాలని తల్లి అబద్ధం చెబితే నేనెట్లా తప్పుపట్టను?

కానీ ఆ అబద్ధం ఇంకొకణ్ణి తీసుకుపోయింది. మూడోరోజు జియారత్‌కు వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చిన దోస్తు ఒకడున్నాడు. ఏడాది తిరగకముందే వాడూ పోయాడు. మళ్లీ దిల్ కా దౌరానే.

రెండు చావులనూ పక్కపక్కన పెట్టి చూడటం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మావాడు బాగుపడాలని జమాత్ వెంట చిల్లాకు పంపాం. 40 రోజులు సూది ముట్టలేదు. తిరిగొచ్చిన నాలుగోరోజు పోయాడు. దోస్తు జైలు నుంచి విడుదలైన వారంలో పోయాడు. ఒక డాక్టరు విడమర్చి చెప్పాడు. నల్లమందు జాతి మందులు కొన్నాళ్లు మానేస్తే శరీరం వాటిని తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. మళ్లీ పాత మోతాదే ఎక్కిస్తే ఊపిరి ఆగిపోతుంది. నిద్రమాత్రలో మద్యమో తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. తప్పు చిల్లాది కాదు. తిరిగొచ్చిన మొదటి రోజులే గండమని మాలో ఎవరికీ తెలియదు. మొదటి చావు గురించి మేం నోరు విప్పి ఉంటే, రెండోవాడి తల్లి ఆ వారమంతా కొడుకును కనిపెట్టుకుని ఉండేది.

అమెరికాలో ఇట్లా నోరు విప్పడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మేరీలాండ్ రాష్ట్రం 2014లో దానికి చట్టమే చేసింది. ఆరోగ్యశాఖ, పోలీసులు, జైలు, ఆసుపత్రి, చికిత్స కేంద్రాల వాళ్లు కలిసి కూచుంటారు. ఒక్కో చావును ముందు పెట్టుకుని, ఈ మనిషి చివరి నెలల్లో ఎవరెవరి గడప తొక్కాడు, మనం ఎక్కడ జారవిడిచాం అని వెతుకుతారు. అక్కడి మాట బయటికి పోకూడదు. అది శిక్షించే చోటు కాదు. ఆ దేశంలో 2022లో మోతాదు మించి చనిపోయినవాళ్లు లక్షకు పైనే. ఆగిన ఊపిరిని తిరిగి రప్పించే నాలోక్సోన్ మందును 2023లో చీటీ లేకుండా అమ్మడానికి అక్కడ అనుమతిచ్చారు.

ఇది మనకు తెలియని పద్ధతేం కాదు. బాలింత చనిపోతే ఆశా కార్యకర్త కబురు పెడుతుంది. ఇంటికొచ్చి అడుగుతారు. కలెక్టర్ స్థాయిలో సమీక్ష జరగాలని 2010 నుంచీ మార్గదర్శకాలున్నాయి. తల్లి చావుకు అడిగే ప్రశ్న కొడుకు చావుకు ఎందుకు అడగం? 1985 మాదకద్రవ్యాల చట్టంలోనే, తనకు తానుగా చికిత్సకు వచ్చినవాడికి కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఉంది. మా గల్లీలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

మస్జిద్ సెహన్‌లో ఒక షత్రంజీ పరిస్తే చాలు. ఇమామ్ సాబ్, గుసుల్ ఇచ్చే పెద్దలు, మందుల దుకాణం వాళ్లు, సర్కారు దవాఖానా డాక్టరు, పక్క బస్తీ హిందూ పెద్దలు, కొడుకులను పోగొట్టుకున్న అమ్మలు రావాలి. పోలీసులూ రావాలి. కానీ ఇక్కడ విన్న పేరుతో కేసు పెట్టమని ముందు రాసిచ్చి రావాలి. నిషా హరామే. ఆ మాట చెప్పి చేతులు దులుపుకుంటే మాత్రం ప్రాణాలు దక్కవు.

మొన్న ఖాలాకు అంతా చెప్పాను. చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూచుంది. తర్వాత లేచి బుర్ఖా వేసుకుంది. "వెనక గల్లీలో ఒకామె కొడుకు జుమ్మా రోజు జైలు నుంచి వస్తున్నాడు. చల్ బేటా, ఆమెకు చెప్పొద్దాం" అంది.