బెర్లిన్‌లో భాషాబడి

బెర్లిన్ నగరంలో నొయ్‌కోల్న్ పేటకు వెళ్ళినవారికి తాము జర్మనీలోనే వున్నామా అనే సందేహం కలుగుతుంది. సోనెన్ అల్లే అనే వీధిలో ఎటు చూసినా అరబ్బీ బోర్డులు, మిఠాయి అంగళ్ళు, కాఫీ దుకాణాలు. పక్క వీధుల్లో తుర్కీ, ఇంకా ఎన్నో భాషలు వినిపిస్తాయి. వీరందరినీ కలపవలసిన భాష జర్మన్.

ఇలా వచ్చినవారికోసం అక్కడి ప్రభుత్వం 2005 నుంచి ప్రత్యేక కోర్సు నడిపిస్తోంది. మామూలుగా 600 పీరియడ్లు భాష, 100 పీరియడ్లు ఆ దేశపు చరిత్ర, చట్టాలు, ఆచారాలు. మా మేనకోడలు కూడా అక్కడ జర్మన్ నేర్చుకుంటోంది. ఒక సాయంకాలం పంతులమ్మగారి అనుమతితో నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను.

ప్రతి బల్లమీదా పుస్తకం పక్కన ఫోను వుంది. తమ భాషలో పలికితే చాలు, అది జర్మన్‌లో చెబుతుంది. ఇంటిదగ్గర చదువుకు డాయిచె వెలె ప్రసార సంస్థవారి ‘నికోస్ వేగ్’ వుంది. జర్మన్ రాని నికో అనే స్పెయిన్ కుర్రవాడి కథను సీరియల్‌లాగా భాగాలుగా చూపిస్తూ భాష నేర్పుతారు. కానీ ఖర్చు లేదు.

ఆనాటి పాఠం, ‘మీరేం పని చేసేవారు?’ ఒక ఆఫ్ఘన్ స్త్రీ వంతు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. 2021లో తాలిబన్లు గద్దెనెక్కి ఆడపిల్లల హైస్కూళ్ళు మూసివేశాక హెరాత్ విడిచి వచ్చిందట. ఆవిడ తన దరీ భాషలో చెప్పింది. ఫోను ‘ఇఖ్ వార్ లేరర్’ అని పలికింది. అంటే, ‘నేను ఉపాధ్యాయుడుగా వుండేవాణ్ణి’ అని!

దరీలో ఆవిడ వాడిన మాట ఆడ మగ ఇద్దరికీ చెల్లుతుంది. జర్మన్‌లో మగవాడు ‘లేరర్’, ఆడది ‘లేరరిన్’. మన ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయిని లాగానే. యంత్రం ఆవిణ్ణి మగవాణ్ణి చేసేసింది! ఎవరో కిసుక్కున నవ్వారు. పంతులమ్మ నవ్వలేదు. బోర్డుమీద ‘లేరరిన్’ అని రాసి, చివరి ‘ఇన్’ కింద గీత గీసింది.

ఆవిడ ఫోను బోర్లించి, “ఇఖ్ వార్ లేరరిన్” అంది. క్షణం ఆగి, మాట మార్చింది: “ఇఖ్ బిన్ లేరరిన్.” ‘నేను ఉపాధ్యాయినిని’ అని. ‘వుండేదాన్ని’ అనడానికి ఆవిడకు మనసొప్పలేదు.

“ఆవిడ చదువుకు ఇక్కడ గుర్తింపు రావాలి, జర్మన్ ఇంకా పై మెట్లు ఎక్కాలి. ఎన్నేళ్ళు పడుతుందో మావయ్యా!” అంది మా మేనకోడలు తిరిగివస్తూ. అది నిజమే. కాని ఆ సాయంకాలం తరగతి ముగిశాక, ముందు నవ్విన కుర్రవాడే తన నోటుపుస్తకం పట్టుకుని ఆవిడ పక్కకు వెళ్ళి కూర్చోవడం నేను చూశాను.